ఎఫెసు కరణం సాక్ష్యం

సత్యవేడు నుంచి ఏ దారి పట్టినా గుడీ, చర్చీ రెండూ ఎదురవుతాయి. నాగలాపురంలో రాయల కాలం నాటి వేదనారాయణస్వామి కోవెల ఉంది. అక్కడ ఏటా మార్చిలో మూడు రోజుల పాటు సాయంకాలపు ఎండ గర్భగుడిలోకి ప్రవేశించి, మొదటి రోజు స్వామి పాదాలను, రెండో రోజు నాభిని, మూడో రోజు శిరస్సును తాకుతుంది. మరోవైపు సూళ్లూరుపేట. 1865లో ఆగస్టు మీలియస్ అనే జర్మన్ లూథరన్ మిషనరీ ఆ ప్రాంతంలో మొదలుపెట్టిన సేవే, తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి మూలం. సత్యవేడు సీమ 1960 ఏప్రిల్ 1న చెంగల్పట్టు జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. అందుకే ఇక్కడ తెలుగు, తమిళం రెండూ చెవిన పడతాయి. ఏ భాషలో ప్రసంగించినా పాస్టర్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: మనది జీవముగల దేవుడు, విగ్రహాలకు జీవం లేదు.

ఆ మాటకు ఆధారం బైబిలులోనే ఉంది. ఒకే మానులో సగం పొయ్యిలో పెట్టి రొట్టె కాల్చుకుని, మిగతా సగాన్ని దేవుడిగా చెక్కి మొక్కే మనిషిని యెషయా ప్రవక్త కళ్లకు కట్టాడు. అయితే ప్రవక్తలు ఈ మాటలు ముందుగా ఎవరితో అన్నారు? సొంత జనంతో. మోషే అరణ్యంలో దేవుడి ఆజ్ఞ మీదనే చేయించిన ఇత్తడి సర్పానికి తర్వాతి తరాలు ధూపం వేయసాగితే, హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. ఎంత పవిత్రమైన వస్తువైనా దేవుడి చోటు ఆక్రమిస్తే విగ్రహమే అవుతుందన్నమాట.

115వ కీర్తనలో అసలు వాత విగ్రహాల వర్ణన చివర్న ఉంది. నోరూ కళ్లూ చెవులూ చేతులూ ఉండి కూడా పనిచేయని బొమ్మలను వర్ణించాక, వాటిని నమ్ముకున్నవాళ్లూ అలాగే తయారవుతారంటాడు కీర్తనకారుడు. మనిషి దేన్ని కొలుస్తాడో దాని పోలికలే అతనికి వస్తాయి. అలాగైతే జీవముగల దేవుణ్ని కొలిచేవాడి కళ్లు ఎదుటివాడి ఆకలిని చూడాలి, చెవులు మొర వినాలి, చేతులు సాయానికి ముందుకు రావాలి.

పొరుగువారి భక్తిని వెక్కిరించడానికి ఈ వాక్యాలను వాడుకునేవాళ్లు అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం మళ్లీ చదవాలి. పౌలు బోధ వల్ల వెండి గుళ్ల వ్యాపారం దెబ్బతింటుందని దేమేత్రి అనే కంసాలి ఎఫెసులో అలజడి లేపాడు. జనాన్ని శాంతింపజేసిన కరణం క్రైస్తవుడు కాడు. అయినా, ఈ మనుషులు గుడిని దోచుకోలేదు, మన దేవతను దూషించలేదు అని నిండు సభలో చెప్పాడు. పౌలు తన విశ్వాసాన్ని ఏమాత్రం దాచుకోలేదు. ఎవరినీ తూలనాడనూ లేదు.

పొరుగువారి భక్తిని కాస్త దగ్గరగా చూస్తే తొందరపాటు మాటలు తగ్గుతాయి. వినాయకచవితికి మట్టిబొమ్మలోకి దేవుణ్ని ఆవాహన చేసి, పూజలయ్యాక ఉద్వాసన చెప్పి నీళ్లలో కలిపేస్తారు. మట్టే దేవుడని వాళ్లూ అనుకోరు. రాతికి మొక్కడాన్ని నిలదీసిన వేమన పుట్టిందీ ఈ తెలుగు నేల మీదే. విశ్వాసంలో తేడా ఉన్నంత మాత్రాన ఎగతాళి అక్కర్లేదు.

ధనాపేక్ష కూడా విగ్రహారాధనేనని పౌలు కొలొస్సయి సంఘానికి రాశాడు. 2008లో శ్రీసిటీ పారిశ్రామిక నగరం వచ్చాక ఈ చుట్టుపక్కల అంకణం ధర మాట్లాడుకోని ఇల్లు అరుదు. పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు విడిపోయిన కుటుంబాలకు ఏ రాతిబొమ్మ అడ్డొచ్చింది? బైబిలు చంకలో పెట్టుకుని వెళ్లేవాడైనా, బొట్టు పెట్టుకుని వెళ్లేవాడైనా ఆ గట్టు దగ్గర కొలిచే దేవుడు ఒక్కడే.

కాబట్టి చర్చి గోడ అవతలి మనిషికి ఒక ప్రశ్న అడిగే హక్కు ఉంది: మీ దేవుడు చూస్తాడు, వింటాడు అంటున్నారు, మరి మా ఇంట్లో పొయ్యి వెలగని రోజు మీరు చూశారా? సంఘం ఆ ప్రశ్నకు తలెత్తుకుని జవాబు చెప్పగలిగితే, ఎఫెసు కరణంలాంటి పొరుగువాళ్లే దాని తరఫున సాక్ష్యం చెబుతారు.