ముందు ఎవరి భూమి?

నగరాల్లో పేదలకు ఇళ్లు కావాలి. ఈ విషయంలో రైతు సంఘానికి రెండో మాట లేదు. పల్లెలో పని దొరక్క పట్నం చేరి, సంపాదనలో పెద్ద భాగం రేకుల గదికి అద్దె కడుతున్న నేటి భవన నిర్మాణ కూలీల్లో నిన్నటి కౌలు రైతులు, వ్యవసాయ కార్మికులు ఎందరో ఉన్నారు. వాళ్లకు గూడు కావాలని మనమే ముందుగా అడగాలి. మన అభ్యంతరం ఇళ్ల మీద కాదు. ఇళ్లకు భూమి కావాల్సి వచ్చిన ప్రతిసారీ పాలకుల చూపు ముందుగా పంట పొలం మీదే పడుతుంది. నగరం నడుమ కొద్దిమంది ఆటకు, విలాసానికి ఇచ్చిన ప్రభుత్వ భూములు ఉన్నా వాటి జోలికి ఎవరూ పోరు. ఎందుకని?

ఈ ప్రశ్న హాంకాంగ్ రైతులూ వేశారు. అక్కడి ఫాన్‌లింగ్ ప్రాంతంలో 172 హెక్టార్ల, అంటే 425 ఎకరాల గోల్ఫ్ కోర్సు ఉంది. భూమి ప్రభుత్వానిది, అనుభవం ఒక క్లబ్బుది. ప్రభుత్వ ఇంటి కోసం దరఖాస్తు పెట్టుకున్న కుటుంబాలు ఏళ్ల తరబడి ఎదురుచూసే నగరం అది. అయినా కొత్త పట్టణాల పథకం వేసినప్పుడు ప్రభుత్వం ఎంచుకున్నది గోల్ఫ్ కోర్సును కాదు, దాని చుట్టుపక్కల కూరగాయలు పండించే ఊళ్లను.

ఆ ఊళ్లలో చాలామంది తరాలుగా కౌలుకు చేసుకుంటున్నవాళ్లు. భూమి కాగితం వేరొకరి పేరు మీద ఉంటుంది కనుక భూమికి వచ్చే డబ్బు సాగుదారుకు చేరదు. ఇది మనకు కొత్త కథ కాదు. ‘మా ఊళ్లు కూల్చే ముందు గోల్ఫ్ కోర్సు తీసుకోండి’ అని వాళ్లు డిమాండ్ చేశారు. 2014 జూన్‌లో పథకానికి నిధులు మంజూరు చేస్తుండగా చట్టసభ దగ్గర నిరసన జరిగింది. 2017లో 13 మంది ఉద్యమకారులకు జైలు శిక్ష పడింది, మరుసటి ఏడాది అత్యున్నత న్యాయస్థానం వారిని విడిచిపెట్టింది. ఈలోగా 2016లోనే మా షి పో అనే ఊళ్లో సాగుదారులను పొలాల నుంచి ఖాళీ చేయించారు.

గోల్ఫ్ కోర్సు వంతు ఆ తర్వాతే వచ్చింది. 2018లో భూమి సరఫరాపై వేసిన బృందం సిఫారసు చేస్తే, ప్రభుత్వం 425 ఎకరాల్లో దాదాపు 80 ఎకరాలు తీసుకునేందుకు ఒప్పుకుంది. లీజు ముగిశాక 2023 సెప్టెంబరు 1న ఆ భాగాన్ని వెనక్కి తీసుకుంది. అందులో 22 ఎకరాల్లో 12,000 ప్రభుత్వ ఇళ్లు, మిగతాది ప్రజలకు పార్కుగా, చెట్ల సంరక్షణకు అని పథకం. క్లబ్బు కోర్టుకెళ్లింది. పర్యావరణ అధ్యయనానికి ఇచ్చిన ఆమోదాన్ని 2024 డిసెంబరులో హైకోర్టు కొట్టివేసింది.

పాత చెట్లను కాపాడాలనడం తప్పు కాదు. అయితే క్లబ్బు చెట్లకు దొరికిన న్యాయవాదులు, నిపుణులు, గడువులు కూరగాయల మడికి దొరకలేదు. పొలంలోనూ పక్షులుంటాయి, చెరువుంటుంది, వాన నీరు ఇంకే నేల ఉంటుంది. చట్టం ఒకటే అయినా, దాన్ని అందుకునే స్తోమతలో ఇంత తేడా ఉంది.

మనసుంటే మార్గం ఉందని సింగపూర్ చూపింది. కెప్పెల్ క్లబ్ గోల్ఫ్ కోర్సు 2022లో మూతపడింది. లీజు పొడిగించకుండా, అక్కడ సుమారు 9,000 ఇళ్లు కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. అందులో 6,000 ప్రభుత్వ ఇళ్లు. దాదాపు 25 ఎకరాలు పచ్చదనానికి వదిలారు. అమెరికాలోని డెన్వర్‌లో దారి మరోలా సాగింది. 2018లో మూతపడిన 155 ఎకరాల గోల్ఫ్ కోర్సును ఒక నిర్మాణ సంస్థ కొని, పేదలకు కొన్ని ఇళ్లు, పెద్ద పార్కు ఇస్తామంది. ఆ నేలలో కట్టడాలు రాకుండా నగరం 1997లోనే డబ్బు కట్టి ఆంక్ష పెట్టింది. దాన్ని ఎత్తేయాలా వద్దా అని 2023లో ప్రజల ఓటు అడిగితే ఎక్కువమంది వద్దన్నారు. 2025లో నగరం వేరే భూమి మార్పిడిగా ఇచ్చి దాన్ని పార్కు కోసం తీసుకుంది. ఇళ్లే కట్టాలా, పార్కే ఉండాలా అన్నది అక్కడివాళ్లు తేల్చుకునే విషయం. మనం గమనించాల్సింది, వాళ్లను అడిగారన్నది.

మన దగ్గర? బెంగళూరు విమానాశ్రయం దగ్గర కోడిహళ్లిలో 1981లో గోల్ఫ్, హోటల్ విడిది పేరుతో ప్రజా ప్రయోజనమని చెప్పి భూసేకరణ ప్రకటన ఇచ్చారు. తీసుకున్న భూమి పర్యాటక సంస్థ చేతిలోంచి ప్రైవేటు వ్యక్తుల చేతుల్లోకి జారింది. భూమి తిరిగివ్వాలన్న హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2011లో సమర్థించింది. న్యాయం గెలిచింది గానీ, అందుకు ముప్పై ఏళ్లు పట్టింది.

2013 భూసేకరణ చట్టం ఇలాంటి అనుభవాల నుంచే పుట్టింది. బహుళ పంటల సాగునీటి భూమిని గత్యంతరం లేనప్పుడే తీసుకోవాలని 10వ సెక్షన్ చెబుతుంది. వేరే చోటు పరిశీలించారా లేదా అన్నది సామాజిక ప్రభావ అంచనాలో తేలాలని 4వ సెక్షన్ చెబుతుంది. తీసుకున్న అవసరాన్ని మార్చకూడదని 99వ సెక్షన్, అయిదేళ్లు వాడకపోతే అసలు యజమానికో ప్రభుత్వ భూ బ్యాంకుకో పోవాలని 101వ సెక్షన్, అభివృద్ధి చేయకుండా ఎక్కువ ధరకు మరొకరికి బదిలీ చేస్తే పెరిగిన విలువలో 40 శాతం భూమి ఇచ్చినవారికి దక్కాలని 102వ సెక్షన్ చెబుతున్నాయి. రాష్ట్రాలు సవరణలతో ఈ కట్టుబాట్లను సడలించుకుంటూ పోవడాన్ని మన సంఘం ఒప్పుకోదు.

కనుక మన డిమాండ్లు ఇవి. ఇళ్లకోసం పంట భూమికి నోటీసు ఇచ్చే ముందు ఆ జిల్లాలో క్లబ్బులకు, సంస్థలకు లీజుకిచ్చిన ప్రభుత్వ భూముల జాబితా, గడువు తేదీలతో సహా ప్రకటించాలి. గడువు తీరిన లీజును గుట్టుగా పొడిగించకుండా ప్రజల ముందు చర్చకు పెట్టాలి. అలా తిరిగొచ్చిన భూమిని వేలానికి పెట్టకూడదు. పేదల ఇళ్లకూ, అందరూ నడవగలిగే పార్కుకూ ప్రభుత్వ ఆస్తిగానే ఉంచాలి. ఎక్కడ భూమి తీసుకున్నా కౌలు రైతును, కూలీని లెక్కలో చేర్చాలి.

గ్రామ కమిటీలు ఈ నెలలోనే ఒక పని చేయాలి. మీ మండలంలో సేకరించి అయిదేళ్లు దాటినా బీడుగా పడి ఉన్న భూములు ఎన్ని ఎకరాలు, ఏ అవసరానికి, ఎవరి స్వాధీనంలో ఉన్నాయో సమాచార హక్కు చట్టం కింద రాసి అడగండి. వచ్చిన జవాబు సంఘానికి పంపండి. రేపు మన పొలంలో సర్వే రాయి పాతడానికి వచ్చిన అధికారికి ఆ జాబితా చూపించి, ‘ముందు ఇది సంగతేమిటో చెప్పండి’ అని అడిగే స్థితిలో ఉండాలి.