ఆగిన అడుగు – నశించని సాధన

1954లో వాంకూవర్ నగరంలో జరిగిన కామన్వెల్త్ క్రీడలలో ఇంగ్లండు మారథాన్ వీరుడు జిమ్ పీటర్స్ అందరికంటె ఎంతో ముందుగా క్రీడాంగణం చేరాడు. కాని ఎండవేడిమికి దేహం వశం తప్పింది. పలుమారులు పడి, లేచి, గమ్యం చేరకుండానే కూలిపోయాడు. ప్రాణం దక్కింది, మరల ఆయన మారథాన్ పరుగెత్తలేదు.

లోకం ఇట్టి పట్టుదలను కీర్తిస్తుంది. శాస్త్రదృష్టి వేరు. మూఢమైన పట్టుతో దేహాన్ని పీడించుకొనే తపస్సును గీత పదునేడవ అధ్యాయం తామసమని నిర్ణయించింది. దేహం ధర్మసాధనం, దానిని హింసించి పొందవలసిన పుణ్యం లేదు.

మరి మధ్యలో ఆగినవాని శ్రమ వ్యర్థమా? యోగమార్గంలో నడుమ జారినవాడు చెదిరిన మేఘంవలె నశిస్తాడా అని ఆరవ అధ్యాయంలో అర్జునుడు అడిగిన సందేహమే ఇది. అట్టివానికి వినాశం లేదని, పూర్వాభ్యాసమే అతనిని మరల ముందుకు నడుపుతుందని భగవానుడు అభయమిచ్చాడు.

కనుక పరుగులోనైనా, ఉపవాసదీక్షలోనైనా, గిరిప్రదక్షిణలోనైనా కళ్లు తిరిగి అడుగు తడబడినప్పుడు ఆగి, వైద్యసహాయం స్వీకరించడం వల్ల వ్రతభంగం కలుగదు. ఆనాటి గమ్యాన్ని సైతం ఈశ్వరార్పణం చేయగలిగినవాడే ఫలత్యాగి.