హెలికాప్టరు ఇంజనుకు పంపు ఒక్కటీ చాలదు

ఇంజనీరింగు కాలేజీలో చదువుతున్న నా పాత విద్యార్థి ఒకడు ఆ మధ్య సెలవులకు వచ్చినప్పుడు పెద్ద పెట్టె ఒకటి మోసుకొని మా ఇంటికి వచ్చాడు. అందులో రేడియోతో నడిపే నమూనా హెలికాప్టరు ఉంది. నమూనా అన్నానని పిల్లల ఆటవస్తువు అనుకోకండి. దాని రెక్కల వ్యాసం ఒకటిన్నర మీటరు. నిమిషానికి 1,500 సార్లు తిరుగుతాయి. రెక్క కొస ఎంత వేగంతో పోతుందో మీరే లెక్క కట్టండి, గంటకు 400 కిలోమీటర్లు దాటుతుంది. ఇప్పుడు ఇటువంటివి ఎక్కువగా బ్యాటరీతోనే ఎగురుతున్నాయి. వాడిది మాత్రం పాతరకం, 10 ఘనసెంటీమీటర్ల రెండు స్ట్రోకుల ఇంజనుతో నడిచేది. ఎవరో వాడినదాన్ని కొన్నాడు.

"మాస్టారూ, ట్యాంకు నిండుగా ఉన్నంతసేపూ బాగా ఎగురుతుందండీ. సగానికి వచ్చేసరికి ఇంజను గొంతు మారిపోతుంది. ముక్కు కిందికి వంచితే ఒక్కోసారి ఆగిపోతోంది కూడా. రెగ్యులేటరుతో వచ్చే ఇంధనపు పంపు బిగిస్తే సరిపోతుందా?" అని అడిగాడు.

"పంపు ఎందుకురా?" అన్నాను.

"ఇంధనం చాలడం లేదు కదండీ, గట్టిగా తోస్తే సరి."

విద్యార్థులారా, ఈ జవాబు మీదనే నాకు పేచీ. ఏది చాలకపోయినా ఇంకొంచెం గట్టిగా తోస్తే సరిపోతుందని మనకు ఎక్కడో నాటుకుపోయింది. పీడనం గురించిన పాఠంలో సూత్రం అప్పగిస్తే మార్కులు వేస్తాం కాని, ఎక్కడ ఎంత పీడనం కావాలి అని మేము అడగం, మీరూ అడగరు. తప్పులో సగం మా ఉపాధ్యాయులదే.

ఆ చిన్న ఇంజను సంగతి చూద్దాం. దాని ఇంధనం మిథనాలు. అందులో నూనె, కొంచెం నైట్రోమీథేను కలుపుతారు. కార్బురేటరు గొంతులో గాలి ఇరుకు దారిన వేగంగా పోతుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందని చదువుకున్నారు గదా. ఆ తగ్గుదలే ట్యాంకులోని ఇంధనాన్ని లాగుతుంది. సైలెన్సరు నుంచి ఒక గొట్టం ట్యాంకుకు తెచ్చి, పొగ పీడనంతో కాస్త ఊతమిస్తారు. అయినా మొత్తం మీద అది బలహీనమైన పీల్పే. శక్తి ఎక్కువ కావాలని కార్బురేటరు నోరు పెద్దది చేస్తే పీల్పు మరీ తగ్గుతుంది.

మేడమీది తొట్టి నిండుగా ఉన్నప్పుడు కుళాయి జోరుగా రావడం, తొట్టి అడుగంటుతున్నప్పుడు నీరసించడం మీరు చూసే ఉంటారు. ఇక్కడా అంతే. ట్యాంకులో మట్టం 6 సెంటీమీటర్లు పడిపోతే, 5 సెంటీమీటర్లకు పైబడిన నీటి మట్టం పడినంత తేడా వస్తుంది. కుళాయికి అదేమంత లెక్క కాదు. బలహీనమైన పీల్పు మీద బతికే ఇంజనుకు లెక్కే. పైగా హెలికాప్టరు ముక్కు వంచినా, పల్టీ కొట్టినా ట్యాంకుకూ కార్బురేటరుకూ మధ్య ఎత్తు మారిపోతుంది.

ఇంధనం తగ్గితే శక్తి తగ్గడంతో పోదు. ఈ ఇంజనుకు వేరే నూనె తొట్టి లేదు. పిస్టనుకు చేరవలసిన నూనె కూడా ఆ ఇంధనంలోనే వస్తుంది. కనుక ఇంధనం చాలని ఇంజను వేడెక్కుతుంది, ఎండిపోతుంది, పిస్టను సిలిండరును గీరుకుంటుంది. గాలిలో ఆగిపోతే, కిందినుంచి ఎగదన్నే గాలితో రెక్కలు తిరుగుతుండగానే నేర్పుగా దించాలి. ఆ నేర్పు అందరికీ ఉండదు. కింద ఎవరున్నారో కూడా చూసుకోవాలి.

మరి పాత స్కూటరులో ఈ బాధ ఎందుకు లేదు? దాని కార్బురేటరులో చిన్న గిన్నె, అందులో తేలే బుడ్డి ఉంటాయి. పెట్రోలు కావలసినంత చేరగానే బుడ్డి పైకి లేచి దారి మూస్తుంది. భూమ్యాకర్షణ ఎప్పుడూ గిన్నె అడుగువైపే ఉంటే ఇది చక్కగా పని చేస్తుంది. ఆకాశంలో ఆ హామీ లేదు.

ఈ సంగతి బ్రిటిషువారికి 1940లో చేదుగా తెలిసింది. వారి స్పిట్‌ఫైర్, హరికేన్ యుద్ధ విమానాలలోని మెర్లిన్ ఇంజనుకు బుడ్డి కార్బురేటరే ఉండేది. పైలటు హఠాత్తుగా ముక్కు కిందికి తోస్తే పెట్రోలు గిన్నె పైభాగానికి ఎగబాకేది. ఇంజను మొదట ఇంధనం అందక దగ్గేది. ఆ వెంటనే దారి బార్లా తెరుచుకొని, పంపు తోసే పెట్రోలుతో మునిగిపోయేది. ఇంధనాన్ని నేరుగా సిలిండరులోకి చిమ్మే జర్మను విమానాలు ఈలోగా తప్పించుకుపోయేవి. ఫార్న్‌బరోలో పనిచేసే బియట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. ఇంజనుకు గరిష్ఠంగా ఎంత పెట్రోలు కావాలో అంతే పోనిచ్చే రంధ్రం ఉన్న చిన్న లోహపు భాగం అది. దాన్ని దారిలో అడ్డంగా పెట్టారు. 1941లో విమానాలకు బిగించారు. పూర్తి మందు కాదు గాని, తర్వాత మెరుగైన కార్బురేటర్లు వచ్చేదాకా అదే ఆదుకుంది. చూశారా, అక్కడ పంపు అప్పటికే ఉంది. కొరవడింది అడ్డు.

మన చిన్న ఇంజనుకు వద్దాం. రెండు స్ట్రోకుల ఇంజనులో పిస్టను పైకి పోయినప్పుడు కింది గదిలో పీడనం తగ్గుతుంది, కిందికి వచ్చినప్పుడు పెరుగుతుంది. ఈ హెచ్చుతగ్గులను సన్నని గొట్టంతో పంపులోని పలుచని పొర మీదికి తెస్తారు. పొర అటూ ఇటూ ఊగుతుంది. ముందొకటి, వెనకొకటి ఒకే వైపు తెరుచుకునే కవాటాలు ఉంటాయి. గుండె పాఠం గుర్తు తెచ్చుకోండి. ఇంజను నిమిషానికి 15,000 సార్లు తిరిగితే ఈ పొర సెకనుకు 250 సార్లు కొట్టుకుంటుంది. ఇంతవరకూ పంపు పని. దీన్ని ఒంటరిగా వదిలేస్తే, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అక్కరలేని ఇంధనం కూడా తోస్తుంది. ద్రవాలు నొక్కితే కుంచించుకుపోవు. సిలిండరులో ఇంధనం నిండి ఉండగా స్టార్టరుతో బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

అందుకే రెగ్యులేటరు. అది మీ వంటింట్లోనే ఉంది. సిలిండరులోని గ్యాసు పీడనం వాతావరణ పీడనానికి ఎన్నో రెట్లు. పొయ్యికి అందేది సుమారు 30 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానమైన పీడనం. మధ్యలో ఉన్న రెగ్యులేటరులో ఒక పొర, ఒక స్ప్రింగు, ఒక కవాటం ఉంటాయి. ఇంజనుకు పెట్టేదాంట్లోనూ ఇంతే. పొరకు ఒక పక్క బయటి గాలి, మరో పక్క ఇంధనం. కార్బురేటరు పీల్చినప్పుడే కవాటం తెరుచుకుంటుంది. ట్యాంకు నిండుగా ఉన్నా, అడుగంటినా, తలకిందులైనా కార్బురేటరుకు అందే పీడనం దాదాపు ఒకటే. ఈ జంటలో పెద్దరికం రెగ్యులేటరుదేనని నా అభిప్రాయం. అంగడివాళ్లు మాత్రం పంపు పేరుతోనే అమ్ముతారు!

"అయితే బిగించేద్దామా?" అన్నాడు మావాడు. వద్దన్నాను. ముందు ట్యాంకు విప్పించాను, అదీ పెరట్లో. మిథనాలు ఒంట్లోకి పోతే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. దాని మంట ఎండలో దాదాపు కనిపించదు. వంటింటి దగ్గర ఈ పని పెట్టుకోకండి.

ట్యాంకు లోపల, చివర బరువు కట్టిన మెత్తని గొట్టం ఉంటుంది. ఇంధనం ఎటు ఒరిగితే బరువు అటు పోయి పీల్చుకోవాలి. ఆ గొట్టం పాతబడి బిరుసెక్కింది. మధ్యలో సూదిమొన అంత బెజ్జం పడింది. ఇంధనం నిండుగా ఉన్నప్పుడు బెజ్జం మునిగి ఉంటుంది, ఇబ్బంది లేదు. మట్టం సగానికి దిగగానే బయటపడి గాలి పీలుస్తుంది. ముక్కు వంచినా అంతే. ఇప్పుడు పంపు పెట్టి ఉంటే ఏమయ్యేది? బుడగలను మరింత జోరుగా తోసేది! మిథనాలుకు తగిన సిలికాను గొట్టం పది నిమిషాల్లో వేశాడు. ట్యాంకు కిందుగా ఉంటే కాస్త పైకి జరిపి, సగం నిండిన మట్టం కార్బురేటరు రంధ్రానికి సమానంగా ఉండేట్టు చూశాం. సాయంత్రం మైదానంలో చివరి చెంచాడు దాకా ఇంజను ఒకే గొంతుతో పాడింది.

మామూలుగా ఎగరేసేవాడికి ఇది చాలు, డబ్బు మిగిలింది. మావాడు పల్టీలు కొట్టించాలంటాడు. దానికి రెగ్యులేటరు పంపు న్యాయమైన కోరికే. పంపుకు ముందు వడపోత పెట్టమన్నాను. సైలెన్సరు గొట్టం ఉంచాలా తీయాలా అన్నది పంపు రకాన్ని బట్టి ఉంటుంది, దానితో వచ్చిన కాగితం చదివి చెయ్యమన్నాను. కాగితాలు చదవడం వాడికి బద్ధకం.

కిందటి నెల ఫోను చేశాడు. పంపు బిగించాడట, బాగానే ఉందట. "కాని మాస్టారూ, ఇంధనం కొలిచే సూదిని మునుపటికంటే బాగా బిగించి మూయవలసి వచ్చింది. ఎందుకండీ?" అన్నాడు. నేనింకా చెప్పలేదు. మీరు చెప్పగలరేమో చూడండి.