వంతెన మాది, దండం పెట్టం

"వంతెన బాగైంది గదా, ఇంకేం కావాలె మీకు?" ఈ నెలల ఈ మాట ఎన్నిసార్లు విన్ననో లెక్క లేదు. ఫ్లెక్సీ కట్టినోళ్లు అడిగిన్రు, ఆఫీసుల అడిగిన్రు, ఆఖరికి టౌన్ నుంచి రీల్స్ తీసుకోనీకి వచ్చిన పిలగాడు కూడ అడిగిండు.

మా గూడెం ముందటి వాగు మీద కాలి వంతెన వరదకు తెగి రెండు వానాకాలాలు గడిచినయి. ఇప్పుడు ఇనుప తాళ్లు బిగించిన్రు, కొత్త చెక్కలు పడ్డయి. అవును, సంబురంగనే ఉన్నది. పొద్దుగూకంగ ముసలమ్మలు నడిమధ్యల నిలబడి నీళ్లు చూస్తున్నరు. పిల్లలు కావాలని ఊపుతరు, తల్లులు ఒడ్డు నుంచి తిడతరు. బడికి పోయే పిల్లలు తడి బట్టలతోని కూసునే పని లేదు. ఈ సంతోషానికి మేం ఎవరి పర్మిషన్ అడగం.

కానీ "గిరిజనులకు కానుక" అని రాసిన ఆ ఫ్లెక్సీతోనే మా పేచీ. రోడ్డు ఆగిపోయిన కాడి నుంచి ఆ చెక్కలను భుజాల మీద మోసింది మా పోరగాళ్లు. కూలి పైసలు ఇంకా రాలే. మరి కానుక ఎవరు ఎవరికిచ్చినట్టు?

మన ములుగు జిల్లాలనే లక్నవరం చెరువు ఉన్నది. అక్కడ టూరిస్టులు దీవులకు నడిచిపోనీకి వేలాడే వంతెనలు కట్టిన్రు. కట్టుకోనీ, మాకేం కుళ్లు లేదు. అదే జిల్లాల 2023 జూలైల జంపన్నవాగు కొండాయి ఊరి మీద పడ్డది, ప్రాణాలు పోయినయి. విహారానికి దొరికే ఇనుము, ఇంజనీరు, బడ్జెట్ బతుకుదెరువు బాటకు వచ్చేసరికి ఎందుకు దొరకవు?

ఇంకో సంగతి. 108 బండి ఇప్పటికీ అవతలి ఒడ్డుకాడనే ఆగుతది. నొప్పులొచ్చిన ఆడబిడ్డను ఊగే వంతెన మీద మంచం కట్టుకొనే మోయాలె. అట్లాంటప్పుడు కాలి వంతెనను చూపించి "రాకపోకల సమస్య తీరింది" అని ఫైల్ మూసేస్తమంటే ఊకుంటమా?

పెద్ద వంతెన అడిగితే "ఫారెస్ట్ పర్మిషన్ రాదు" అంటరు. అటవీ హక్కుల చట్టం 2006 తెరిచి సెక్షన్ 3(2) చదువున్రి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. బడి, దవాఖాన, అంగన్‌వాడీ, రోడ్డు లాంటి 13 రకాల పనులకు అడవి భూమి ఇయ్యొచ్చని అందుల ఉన్నది. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టొద్దు, గ్రామసభ సిఫారసు ఉండాలె. అంతే. రోడ్డుకు జాగ ఇచ్చే చట్టం, ఆ రోడ్డు వాగు దాటొద్దని చెప్తదా? అడ్డం పడేది చట్టం కాదు, సంతకం పెట్టాల్సిన చెయ్యి.

ఆదివారం టౌన్ నుంచి వచ్చేటోళ్లకు కూడ ఒక మాట. రాన్రి, చూడున్రి, చాయ్ తాగి పోన్రి. కానీ మనుషులు నడిచే చెక్కల మీదికి బుల్లెట్ బండ్లు ఎక్కించకున్రి. మీ వీడియో నిమిషంల అయిపోతది, ఇరిగిన చెక్క కోసం మేం మళ్ల ఆఫీసు చుట్టూ తిరగాలె.

మృగశిర కార్తె లోపల గ్రామసభ పెడుతున్నం. బండ్లు రాకుండ రెండు దిక్కుల రాళ్లు పాతుడు, ఏటా వానలకు ముందు తాళ్లు చూసే పనికి పైసలు, 3(2) కింద రోడ్డు వంతెనకు తీర్మానం. మూడు కాయితాలు రాసి పెట్టినం. పక్క గూడేలోళ్లు కూడ మీ తీర్మానాలు పట్టుకొని రాన్రి, అన్నీ కలిపి ఒక్కరోజే ఇద్దాం. ఈసారి రసీదు తీసుకోకుండ ఆఫీసు మెట్లు దిగేది లేదు.

జై ఆదివాసీ!