బొమ్మకు చెమట పట్టదు

"మా పదేళ్ళవాడు టీవీలో బొమ్మల ప్రకటన చూసి, అలాంటి బిగుతు ఆటల డ్రెస్సే కావాలని పేచీపెట్టి కొనిపించుకున్నాడు. ఆడివచ్చినా విప్పడు. నెలరోజులుగా గజ్జల్లో ఒకటే దురద. ఎర్రగా గుండ్రంగా అంచు కట్టింది. మందులషాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే మూడురోజులు తగ్గి మళ్ళీ వస్తోంది" అని రేపల్లె నుంచి ఒక తల్లి రాశారు.

అమ్మా, చూడకుండా ఖాయంగా చెప్పలేను గాని, మీరు రాసినదాన్నిబట్టి అది తామర.

బొమ్మలతో ఆటల సామగ్రి అమ్మడం కొత్తేమీ కాదు. 1992లో అమెరికాలో నైకీ కంపెనీ, బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ పక్కన బగ్స్ బన్నీ అనే కుందేలు బొమ్మను నిలబెట్టి బూట్ల ప్రకటన తీసింది. ఆ జోడీతోనే 1996లో 'స్పేస్ జామ్' సినిమా వచ్చింది. హైదరాబాదులో పుట్టి 2008లో టీవీకెక్కిన మన ఛోటా భీమ్ కూడా పిల్లల చొక్కాలమీదికి ఎక్కాడు. ఆ మోజులోనైనా పిల్లవాడు మైదానానికి వెళితే నాకు సంతోషమే. కాని బొమ్మకు చెమట పట్టదు, గజ్జలు ఒరుసుకోవు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ప్రకటన అమ్మకం కోసమేనని సరిగా తెలియదు. మీవాడికి పదేళ్ళు గదా, చెబితే అర్థమవుతుంది.

చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. పొడిగాలి ఉన్నచోట పాలిస్టరు డ్రెస్సు త్వరగా ఆరుతుంది, అది నిజమే. బాపట్ల, రేపల్లెల్లో సముద్రపు తేమకు చెమటే ఆరదు, ఇక బట్టేం ఆరుతుంది? తడి, వేడి, ఒరిపిడి - తామర బూజుకు ఇంతకంటె ఏం కావాలి? నూలుబట్ట కట్టినా చెమటతో తడిసినదాన్ని గంటలకొద్దీ ఒంటిమీద ఉంచుకుంటే ఇదే తంతు. కాబట్టి డ్రెస్సు పారెయ్యనక్కరలేదు. ఆట అవగానే విప్పించి, స్నానం చేయించి, గజ్జలు పొడిగా తుడిచి, వదులైన నూలు నిక్కరు తొడగండి. ఈసారి కొనేటప్పుడు ఒక సైజు పెద్దది తీసుకోండి.

ఆ ట్యూబు సంగతి. మూడురోజుల్లో దురద మాయమై మళ్ళీ వచ్చిందంటే అందులో స్టెరాయిడ్ ఉండివుండవచ్చు. అది ఎర్రదనాన్ని అణుస్తుంది గాని బూజును చంపదు, పైగా పెంచుతుంది. చాలాకాలం రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, అవి పోవు. ఇలాంటి పూతమందులు చాలావాటిని డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని 2018లో ప్రభుత్వం ఆదేశించింది. అయినా అడిగినవారికల్లా ఇచ్చే షాపులున్నాయి.

ట్యూబు పట్టుకుని దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో చర్మవైద్యునికి చూపించండి. ఇచ్చిన మందు మచ్చమీదే కాక దాని చుట్టూ రెండు వేళ్ళ మేర రాయాలి. దురద తగ్గిందని ఆపకుండా, డాక్టరు చెప్పినన్నాళ్ళూ వాడాలి. పిల్లవాడి తువ్వాలు ఇంకెవరూ ముట్టుకోవద్దు. లోదుస్తులు తిరగేసి ఎండలో ఆరేయండి. ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారేమో సిగ్గుపడకుండా అడగండి. ఉంటే వాళ్ళనూ అదేరోజు వెంట తీసుకువెళ్ళండి.