దేహం ఎక్కడుందో చెప్పకుండానే విడుదలా?

హత్య రుజువైంది, యావజ్జీవ శిక్ష పడింది, జైల్లో ఏళ్లు గడిచాయి. కానీ చనిపోయిన మనిషి దేహాన్ని ఎక్కడ దాచాడో నేరస్థుడు చెప్పడం లేదు. అలాంటివాడిని ముందుగానే బయటికి పంపవచ్చా? ఆ మౌనానికి వేరే శిక్ష ఉండాలా? మన దేశంలో ఈ ప్రశ్న పెద్దగా వినిపించదు. వినిపించాలని మేము కోరుతున్నాం.

ఇంగ్లాండులో ఒక తల్లి ఈ ప్రశ్నను పార్లమెంటు దాకా తీసుకువెళ్లింది. 1988 ఫిబ్రవరిలో హెలెన్ మెక్‌కోర్ట్ అనే 22 ఏళ్ల యువతి పని ముగించుకుని ఇంటికి వస్తూ కనబడకుండా పోయింది. శవం దొరకకపోయినా, రక్తపు మరకలు, డీఎన్‌ఏ ఆధారాలతో ఆ ఊరి మద్యశాల నడిపే వ్యక్తిని 1989లో దోషిగా తేల్చారు. అతడు 2020లో విడుదలయ్యాడు, 2022లో చనిపోయాడు. హెలెన్ ఎక్కడుందో చివరిదాకా చెప్పలేదు. తల్లి మేరీ ఏళ్ల తరబడి పోరాడిన ఫలితంగా 2020లో ‘హెలెన్ చట్టం’ వచ్చింది. ఖైదీ దేహం జాడ చెప్పకపోతే, ఆ సంగతినీ దాని వెనుక కారణాలనూ పెరోల్ బోర్డు తప్పనిసరిగా లెక్కలోకి తీసుకోవాలి. అయితే ఆ చట్టం విడుదలను పూర్తిగా నిషేధించలేదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ 2017లో, న్యూ సౌత్ వేల్స్ 2022లో ఇంకా కఠినంగా వెళ్లాయి. అక్కడ దేహం జాడ తెలియడానికి సహకరించనివారికి పెరోల్ లేదు.

ఒకే నేరానికి రెండుసార్లు శిక్షా అని కొందరు అడుగుతారు. మా దృష్టిలో ఇది రెండో శిక్ష కాదు. హత్య ఒకనాటిది, దాచి ఉంచడం మాత్రం ప్రతిరోజూ జరుగుతూనే ఉంటుంది. పైగా ముందస్తు విడుదల ఖైదీ హక్కు కాదు, ప్రభుత్వం చూపే దయ. దయ కోరేవాడిని నిజం చెప్పమనడం అన్యాయం కాదు.

రెండో అభ్యంతరం బరువైనది. నిర్దోషికి శిక్ష పడితే? తెలియనిదాన్ని అతడు ఎలా చెబుతాడు? డబ్బు, పలుకుబడి లేని పేదలు, దళితులు, ఆదివాసీలు తప్పుడు కేసుల్లో ఇరుక్కోవడం మనకు కొత్త కాదు. ‘చెప్పకపోతే ఎన్నటికీ విడుదల లేదు’ అంటే, నేరం చేయనివాడు జైల్లోనే చావాలి. అందుకే ఆస్ట్రేలియా మార్గం కంటే ఇంగ్లాండు మార్గమే మేలని మా అభిప్రాయం. ప్రశ్న తప్పక అడగాలి, జవాబును తూచాలి, తలుపు మాత్రం శాశ్వతంగా మూయకూడదు.

మన చట్టం ఏమంటోంది? భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ (పాత ఐపీసీ 201) సాక్ష్యాన్ని మాయం చేసినవారికి, అసలు నేరం మరణశిక్షకు తగినదైతే, ఏడేళ్ల వరకు జైలు విధిస్తుంది. కానీ హత్య కేసులో ఆ ఏడేళ్లు సాధారణంగా యావజ్జీవ శిక్షతోపాటే నడిచిపోతాయి. శిక్ష తగ్గింపు సమయంలో దేహం సంగతి అడగాలని చట్టంలో రాసి లేదు.

దీని బరువు మన చరిత్రకు తెలుసు. 1991లో చుండూరులో దళితులను చంపి, గోనెసంచుల్లో కట్టి కాలువలో పడేశారు. మనిషిని చంపడంతో ఆగక ఆనవాలు కూడా లేకుండా చేయాలనుకున్నారు. 2002లో గుజరాత్‌లో బిల్కిస్ బానో కుటుంబంలో 14 మందిని చంపారు. ఆమె మూడేళ్ల కూతురు దేహం ఈనాటికీ దొరకలేదు. ఆ కేసులో 11 మంది దోషులను 2022 ఆగస్టు 15న విడుదల చేశారు. విచారణ ముంబయిలో జరిగింది కాబట్టి ఆ అధికారం గుజరాత్‌ది కాదు, మహారాష్ట్రదని 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను కొట్టివేసింది. అదే కేసులో విధి తప్పి సాక్ష్యం చెరిపినందుకు ఐదుగురు పోలీసులను, ఇద్దరు వైద్యులను 2017లో బొంబాయి హైకోర్టు దోషులుగా తేల్చింది. దాచేవారు ఎప్పుడూ చంపినవారే కారు. వారినీ వదలకూడదు.

రిస్పాను గుర్తుచేసుకుందాం. చంపబడిన కుమారుల దేహాలను పక్షులూ మృగాలూ ముట్టకుండా ఆమె పగలూ రాత్రీ బండమీద కాపలా కాసింది. సంగతి దావీదుకు తెలిసింది. ఎముకలను ఏరి పాతిపెట్టించాడు. చనిపోయినవారిని తిరిగి ఇవ్వలేని రాజు, పాతిపెట్టుకునే హక్కునైనా ఆ తల్లికి ఇవ్వగలిగాడు. మన ప్రభుత్వాలు చేయగలిగిందీ అదే.

మేము కోరేది ఇది. శిక్ష తగ్గింపు దరఖాస్తు వచ్చినప్పుడు, దేహం దొరికిందా లేదా అన్నది ఫైలులో నమోదు కావాలి. శిక్ష వేసిన కోర్టు జడ్జి అభిప్రాయం అడిగేటప్పుడు ఈ ప్రశ్న కూడా అడగాలి. బాధిత కుటుంబాన్ని పిలిచి వినాలి. ఖైదీ చెప్పకపోతే, ఎందుకు చెప్పడం లేదో రాతపూర్వకంగా తేల్చాలి. తాను నిర్దోషినని మొదటినుంచీ చెబుతున్నవాడి కేసును విడిగా పరిశీలించాలి.

న్యాయశాస్త్రం చదువుతున్న మన యువతీ యువకులారా, మీరు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు శిక్ష తగ్గింపు నియమాలను తెప్పించుకుని చదవండి. ఈ ప్రశ్న అందులో లేకపోతే, దాన్ని చేర్చమని అడిగే మొదటి ఉత్తరం మీరే రాయండి.