చుక్కలు చిక్కాలంటే...

పెట్టె విప్పిన రాత్రే మేడెక్కేస్తారు. చేతిలో కొత్త కెమెరా, తలెత్తితే చుక్కలు. బటన్ నొక్కితే లెన్సు ముందుకీ వెనక్కీ తిరుగుతుందే తప్ప ఫొటో పడదు. ఎలాగోలా పడినా... నల్లటి పలక మీద నాలుగు బూడిద మచ్చలు! ‘ఇంత డబ్బు పోసింది దీనికేనా?’ అన్నట్టు చూస్తారు ఇంట్లోవాళ్లు. 2024 అక్టోబరులో సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క వచ్చినప్పుడు ఎందరికి ఆ మచ్చలే మిగిలాయో! అది మళ్లీ మన జీవితకాలంలో రాదు.

తప్పు కెమెరాది కాదు. ఆటోఫోకస్‌కి వెలుతురు కావాలి. చీకట్లో దేన్ని పట్టుకోవాలో దానికి తెలీదు. అందుకే డయల్‌ని ‘ఎమ్’ మీదా, ఫోకస్‌ని ‘ఎమ్ఎఫ్’ మీదా పెట్టుకోవాలి. బాగా మెరిసే నక్షత్రాన్ని... చలికాలమైతే సిరియస్ ఉండనే ఉంది... తెరమీద పెద్దది చేసుకుని ఫోకస్ రింగుని మెల్లగా తిప్పాలి. ఉబ్బిన చుక్క తగ్గుతూ తగ్గుతూ సూదిమొనంత అయినచోట ఆగాలి. ఇంకాస్త తిప్పితే మళ్లీ ఉబ్బుతుంది. అనంతం గుర్తు దాకా తిప్పేస్తే చాలంటారుగానీ చాలా లెన్సులు దాన్ని దాటి కూడా తిరుగుతాయి. అసలు కష్టమంతా ఇక్కడే. కుదిరాక రింగు కదలకుండా టేపు ముక్క అంటించేవాళ్లూ ఉన్నారు.

మిగతాది లెక్క. ట్రైపాడ్ తప్పదు. అపెర్చర్ అంకె లెన్సులో ఉన్నవాటిలో చిన్నది, ఐఎస్ఓ 1600 నుంచి 3200. మరి షట్టర్? ఎక్కువసేపు తెరుద్దామంటే భూమి ఊరుకోదు. గంటకి 15 డిగ్రీలు తిరిగేస్తుంది, చుక్క కాస్తా గీతవుతుంది. 500ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించమన్నది పాత సూత్రం. కెమెరాతో వచ్చే 18-55 లెన్సుని 18 దగ్గర పెడితే సుమారు 28 సెకన్లు. సెన్సర్ చిన్నదైతే 1.5తో మళ్లీ భాగించాలి, అంటే 18 సెకన్లు. 15 దగ్గరే ఆగితే ఇంకా నయం. వేలు తగిలి కెమెరా అదరకుండా 2 సెకన్ల టైమర్ పెట్టుకోవాలి.

హైదరాబాద్‌కి ఈ పని కొత్తేం కాదు. దేశదేశాలు కలిసి తలపెట్టిన ఆకాశపటం కోసం ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో నిజామియా అబ్జర్వేటరీవాళ్లు గాజుపలకల మీద లక్షల నక్షత్రాల్ని పట్టారు. వాళ్ల టెలిస్కోపు చుక్కల వెంటే తిరిగేది, ఆకాశమూ నల్లగా ఉండేది. ఇప్పుడదే నగరంలో 20 సెకన్లు షట్టర్ తెరిస్తే ఆకాశం నారింజ రంగులోకి తిరుగుతుంది.

అందుకే పాలపుంత కావాలంటే ఊరు దాటాల్సిందే. ఏప్రిల్‌లో అమావాస్యకి అటూ ఇటూ, తెల్లవారుజామున 3 గంటలకి దక్షిణం వైపు చూడాలి. జూన్‌లో రాత్రి పదికే కనిపించాలిగానీ మబ్బులు అడ్డం. ఒక అమావాస్య పోతే నెల, మే కూడా పోతే దాదాపు ఏడాది ఆగాలి. అంతదూరం వెళ్లి అక్కడ మీటలు వెతుక్కోవడమెందుకు? చలికాలంలోనే మేడమీద మృగశిర నక్షత్రాలతో చెయ్యి తిప్పుకోవచ్చు. ఒక్కటి మాత్రం మరిచిపోకూడదు... కెమెరా తెర వెలుగు తగ్గించుకోవాలి. చీకట్లో అది దేదీప్యమానంగా చూపించిన ఫొటోయే పొద్దున కంప్యూటర్లో సగం నలుపై కూర్చుంటుంది!